మరీ బాగా కొట్టుకున్న గుండె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. రోజూ పొద్దున్నుంచి అబద్ధాలు వింటూ కూర్చుంటే శాంతం ఎక్కడినుంచి ఊడిపడుతుంది? కానీ ఆ రోజు డ్రైవింగ్ మాస్టారు చెప్పింది మాత్రం మరీ నాసిరకం అబద్ధం.

"బాత్‌రూమ్‌లో జారిపడ్డానండీ," అన్నాడు, ఛాతీ పట్టుకుని. యాభై ఏళ్ళుంటాయి. జేబు మీద డ్రైవింగ్ స్కూలు పేరు కుట్టిన చొక్కా. వెంట బావమరిది, టీవీలు బాగుచేసే మెకానిక్.

చొక్కా విప్పించాను. రొమ్ము మధ్య ఎముక మీద అడ్డంగా, జానెడు పొడుగున కమిలిపోయి ఉంది.

"మీ బాత్‌రూమ్‌కి డాష్‌బోర్డు కూడా ఉందా మాస్టారూ?" అన్నాను.

బావమరిది సీలింగు ఫ్యాను కేసి చూశాడు. నేను కదలకుండా నిలబడితే చివరికి అతనే కక్కేశాడు. పొద్దున్నే మాస్టారు తన భార్యకి కారు నేర్పుతున్నాడట. ఆవిడ బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. ఈయన తన వైపున్న రెండో బ్రేకు తొక్కేలోపే కారు వెళ్ళి గోడకి గుద్దుకుంది. ఆవిడ బెల్టు పెట్టుకుంది, ఒంటి మీద గీత కూడా పడలేదు. మాస్టారు పెట్టుకోలేదు.

"ఎందుకు పెట్టుకోలేదు?"

"పెట్టుకుంటే పక్కకి వంగి స్టీరింగ్ అందుకోలేమండీ. మా మాస్టర్లెవరమూ పెట్టుకోం."

"మరి నేర్చుకునేవాళ్ళు?"

"వాళ్ళు పెట్టుకోకపోతే నేను బండి తియ్యనివ్వను," అన్నాడు, గర్వంగా.

నా ఒళ్ళు మండింది కానీ డాక్టరమ్మ వచ్చింది కాబట్టి ఊరుకున్నాను. ఆ అమ్మాయి వయసులో చిన్నదే, పనిలో గట్టిది. ఈసీజీ తీయించింది. గుండె ఏడెనిమిదిసార్లు బుద్ధిగా కొట్టుకుని, ఒక దెబ్బ మాత్రం తొందరపడి ముందే కొట్టేస్తోంది. రక్తపరీక్షలో కూడా గుండె కండరానికి దెబ్బ తగిలిందని తేలింది.

"ఎముక విరగలేదు. కానీ లోపల గుండె కమిలింది," అంది. "స్కానింగులో ఇప్పటికైతే గుండె చుట్టూ ఏమీ లేదు. తర్వాత రక్తం చేరొచ్చు. చేరితే గుండె విచ్చుకోవడానికి చోటుండదు, ప్రాణం మీదికి వస్తుంది. రేపు ఇదే టైము దాకా మానిటర్ మీద ఉండాలి. మంచం దిగొద్దు."

మాస్టారి మొహం మాడిపోయింది. "సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ లైసెన్సు పరీక్షండీ. రెండుసార్లు తప్పింది. స్కూలు వాళ్ళకి ఈ గోడ సంగతి తెలిస్తే మూడోసారి పంపరు. అందుకే బాత్‌రూమ్ అన్నాను. నేను వెనక సీట్లో లేకపోతే దానికి కాళ్ళూ చేతులూ ఆడవు."

"రెండుసార్లూ మీరు వెనక ఉన్నారా?"

"ఉండబట్టే ఆ మాత్రమైనా నడిపింది."

భార్యకి 'ఏం లేదు, కొంచెం నొప్పి' అని ఫోన్లో చెప్పి, పరీక్ష మైదానానికి వెళ్ళి రివర్సు చేసుకుంటూ ఉండమన్నాడట. నాలుగు చీవాట్లు పెట్టి, వైర్లు అతికించి, నా బల్ల దగ్గర కూర్చున్నాను. ప్రతి మంచం మీది గుండె గీతా నా ఎదుట తెర మీద కనిపిస్తుంది.

మూడు దాటి పావుగంటైంది. తల ఎత్తి చూస్తే మాస్టారి గీత చక్కగా సాగిపోతోంది. ఒక్క తొందరపాటు దెబ్బ లేదు. పొద్దున్నుంచి అంత అల్లరి చేసిన గుండె ఉన్నట్టుండి బుద్ధిమంతురాలు ఎలా అయింది? లేచి గబగబా వెళ్ళాను. దుప్పటి మొహం దాకా కప్పుకుని ఉంది. లాగాను.

బావమరిది. ఛాతీ నిండా మా వైర్లు.

"మీ బావ ఏడీ?"

"మెట్ల మీదుగా వెళ్ళాడండీ. లిఫ్టులో అయితే మీకు కనబడతాడని."

"అలారం ఎందుకు మోగలేదు?"

"ముందు సౌండు ఆపేశాను. తర్వాత ఒక్కొక్క వైరే మార్చాను." బిక్కమొహంలోనే కొంచెం గొప్ప కూడా కనబడింది. "టీవీ బోర్డు కంటే తేలికేనండీ."

అతని సంగతి తర్వాత చూద్దామని మెట్ల వైపు పరిగెత్తాను. రెండో మలుపులో రెయిలింగు పట్టుకుని కూలబడి ఉన్నాడు మాస్టారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. నాడి అందీ అందనట్టుంది.

"కొంచెం ఆయాసం, అంతే," అన్నాడు. అప్పుడు కూడా అబద్ధమే.

నాకు భయం వేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసూ ఆ మెట్ల మీద ఎందుకూ కొరగాకుండా పోతుందేమో అనిపించింది. స్ట్రెచర్ మీద పైకి తెచ్చేసరికి బీపీ డెబ్బై. డాక్టరమ్మ స్కానింగు పెట్టింది. గుండె చుట్టూ నల్లగా రక్తం చేరి, దాన్ని అన్ని వైపులా నొక్కేస్తోంది. సర్జన్‌కి కబురు వెళ్ళింది, థియేటరు సిద్ధం చేశారు. ఆ లోపు ఆగే వీలు లేదు. డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా, రొమ్ము ఎముక కింద నుంచి పొడుగాటి సూది దింపింది. సిరంజిలోకి రక్తం వచ్చింది. ఆమె లాగుతోంది, నేను అంకెలు చదువుతున్నాను. డెబ్బై. ఎనభై ఐదు. నూట ఎనిమిది. సన్నటి గొట్టం ఒకటి లోపలే ఉంచారు. సర్జన్ వచ్చి చాలాసేపు కాపలా కాశాడు. రక్తం దానంతటదే ఆగింది, కోసే అవసరం రాలేదు.

ఆరింటికి మాస్టారి భార్య వచ్చింది. వరండాలో నేనే అన్నీ చెప్పాను. గోడకి ఆనుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

"పరీక్షకి వెళ్ళి ఉండవులే," అన్నాడు మాస్టారు నీరసంగా. "పోనీ, వచ్చే నెల నేను దగ్గరుండి..."

"వెళ్ళానండీ. పాసయ్యాను."

"నేను లేకుండానా?"

ఆవిడ దుప్పటి సర్దింది. "మీరు లేకుండానే. వెనక నుంచి 'క్లచ్, క్లచ్' అని అరిచేవాళ్ళు లేకపోతే కారు ఎంత చక్కగా మాట వింటుందో."

"చాలా సంతోషం," అన్నాడు మాస్టారు. తెర మీద ఎనభై ఉన్న గుండె వేగం నూట పద్దెనిమిదికి ఎగబాకి, ఎర్రలైటు వెలిగి అలారం మోగింది. బావమరిది చెయ్యి అలవాటుగా సౌండు బటన్ మీదికి పోయింది. ఒక్కటి చరిచాను.

"ఆ ఎర్రలైటు ఏంటి సిస్టర్?" అంది ఆవిడ కంగారుగా.

"మాస్టారి సంతోషం అమ్మా," అన్నాను.

తొమ్మిదో రోజు పంపించేశాం. ఆవిడే స్టీరింగ్ ముందు కూర్చుంది. మాస్టారు పక్క సీట్లో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు కదల్లేదు.

"పోనియ్యి," అన్నాడు.

"మీరు బెల్టు పెట్టుకోకపోతే నేను బండి తియ్యను."

మాస్టారు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఛాతీ నొప్పెడుతుందని గొణిగితే, ఆవిడ వెనక సీట్లోంచి చిన్న దిండు తీసి ఆయన రొమ్ముకీ బెల్టుకీ మధ్య పెట్టి, తనే క్లిక్కుమనిపించింది. గేటు దాటేదాకా మాస్టారు కిక్కురుమనలేదు. ఆ దిండు మా వార్డుది, ఇంతవరకూ తిరిగి రాలేదు.