పదమూడు వైరస్‌లు

మా నాగేశ్వరక్క ఆ రోజు ఏ తప్పూ చేయలేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పటికీ తప్పు తనదేననుకుంటోంది.

మధ్యాహ్నం కేపీహెచ్‌బీలో తన ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఏదో ఉచిత సైటులో సీరియల్ చూస్తుంటే తెర ఎర్రబడిందట. ‘మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి. మూడు నిమిషాల్లో అంతా చెరిగిపోతుంది. వెంటనే ఇక్కడ నొక్కండి’ అని వచ్చి, ఫోను గడగడా వణికిందట. అక్క నొక్కలేదు. ఫోన్ ఆపేసి, సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి హైటెక్ సిటీలో మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసింది.

నేను కిందికి దిగేసరికి సెక్యూరిటీ లింగమూర్తి, "జర నీడకు నిలబడమ్మా, వస్తడు మీ తమ్ముడు. ఫికర్ చెయ్యకు," అంటున్నాడు. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్ లోహిత్, అన్నీ పోతాయంటోంది రా. మీ బావ..."

"ఏం పోవక్కా. ఉత్త దొంగ ప్రకటన అది."

ఫోన్ తెరిచి ఆ పేజీ చూడగానే నాకు తెలిసిపోయింది. తెలియక ఏం చేస్తుంది? కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం నాది. వందలమందికి చెప్పిన పాఠమే అక్కకూ చెప్పాను. ఏ వెబ్ పేజీకీ నీ ఫోన్‌లో ఏముందో తెలియదు. ఇన్ని వైరస్‌లని అంకె చెప్పి, నిమిషాలు లెక్కపెట్టి తొందరపెడుతోందంటే అబద్ధమే. దేన్నీ నొక్కకుండా ఆ పేజీ మూసేసి, బ్రౌజర్‌లో దాని జాడ చెరిపేస్తే చాలు.

చాలు అన్నవాణ్ణి అక్కడితో ఆగాలా, వద్దా? ఆగలేదు. మా ఆఫీసులో ఏ ల్యాప్‌టాప్ మీద అనుమానం వచ్చినా వెతుకుతూ కూర్చోం. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాం. ఫైళ్లన్నీ సర్వర్‌లో ఉంటాయి కాబట్టి ఎవరికీ ఏమీ పోదు. పదేళ్లుగా నా చేతికి అదే అలవాటు. పైగా పది నిమిషాల్లో మీటింగ్.

"దేనికైనా మంచిది, ఫోన్ మొత్తం రీసెట్ చేసేస్తా," అన్నాను.

"అందులో మీ బావవి..."

"ఫోటోలేగా? అన్నీ తిరిగొస్తాయి. నాకు తెలుసక్కా, నువ్వు ఊరుకో."

ఊరుకుంది. తమ్ముడికి తెలుసు కదా అనుకుంది. అక్కడే నిలబడి ఫోన్ మొత్తం తుడిచేశాను.

సాయంత్రం వాళ్లింటికెళ్లి ఆన్‌లైన్‌లో దాచి ఉన్న ఫోటోలు, వాట్సాప్ అన్నీ తెప్పించి గొప్పగా చేతిలో పెట్టాను. అక్క ఏదో వెతికింది. మళ్లీ వెతికింది.

"ఫోన్‌లో మాట్లాడుకున్నవి ఎక్కడుంటాయి రా?"

బుల్లిబాబు బావ పోయి పద్నాలుగు నెలలు. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ మధ్యాహ్నం క్యారేజీ తినగానే అక్కకు ఫోన్ చేసేవాడు. వచ్చిన ప్రతి ఫోన్ కాల్ దానంతటదే రికార్డయ్యే ఫోన్ అక్కది. దొండకాయ వేపుడు మాడిందనో, రేపు చారు పెట్టమనో, రెండేసి నిమిషాల మాటలు. అలాంటివి నాలుగు వందలకు పైనే. ఆయన పోయాక రోజుకొకటి వింటోందట. అవి ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఎవరి ఫోన్ ముట్టుకున్నా ముందు అడగాల్సిన మాట, ఇందులో ఏమున్నాయని. అక్కను అడగలేదు. తనే చెప్పబోతే నోరు మూయించాను.

"వైరస్ తినేసిందా?" అంది అక్క.

కాదక్కా, నేనే చెరిపాను అనాలి. నోటిదాకా వచ్చింది. తను నా వైపు చూస్తున్న చూపులో ఇంకా నమ్మకం ఉంది.

"అవునక్కా," అన్నాను.

అక్క అక్కడే కూలబడింది. "ఆ పాడు సీరియల్ చూడకపోతే ఏం పోయేది రా నాకు! ఆయన గొంతు నేనే పోగొట్టుకున్నాను," అని అరచేత్తో నుదురు కొట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నిజం చెప్పడానికి అప్పటికైనా మించిపోలేదు. చెప్పలేదు. ఛీ, నా బతుకు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచింది.

"నువ్వేం చేస్తావులే నాన్నా. నువ్వుండబట్టి ఫోటోలన్నా దక్కాయి," అంటూ నాకు కంచం పెట్టింది. తను పెట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని, "తిను, పొద్దుననగా తిన్నావు," అంది.

తిన్నాను.