నిమ్మరసం కార్డు సాక్ష్యం

నేను ఒక శుభాకాంక్షల కార్డుని. పుట్టింది తెనాలిలో, కెమిస్ట్రీ లెక్చరర్ జోగారావు మాస్టారి వంటింట్లో. ఆయన అట్టముక్క మడిచి, పైన మల్లెపూలు గీసి, లోపల నిమ్మరసంతో నాలుగు మాటలు రాశారు. ఆరేసరికి నా లోపల ఏమీ లేనట్టే ఉంది. పుట్టినరోజు నాడు ఆయన భార్య సుభాషిణి గారు నా మీద ఇస్త్రీపెట్టె పెడితే అక్షరాలు గోధుమరంగులో తేలాయి. నా అంచు మాడింది, ఆవిడ వేలు చురుక్కుమంది. అయినా నవ్వారు. ఆ ఏడు కాలేజీ ప్రదర్శనలో మాస్టారు నన్ను ఎలా చేశారో చీటీ రాసి మరీ అందరికీ చూపించారు. మనుషులకు రహస్యం దాచడం కన్నా, దాచామని చెప్పుకోవడమే ఇష్టం.

చాలా ఏళ్లకు, పెద్ద కార్డుల కంపెనీలో పనిచేసే పాత శిష్యుడొకడు వచ్చి, "ఒకసారి చూసి ఇచ్చేస్తాను సార్," అన్నాడు. మాస్టారు పొంగిపోయి ఇచ్చేశారు. నేను తేలింది పేటెంటు విచారణ గదిలో.

అక్కడ షమీమ్ కూర్చుని ఉంది. మా ఊళ్లోనే చిన్న ప్రెస్సు నడుపుతుంది. ఆమె చేసిన కార్డుతో రంగులేని సిరా పెన్ను వస్తుంది. అందుకున్నవాళ్లు మడతలో అమర్చిన తడి స్పాంజి ముక్కతో రుద్దితే చాలు, రాత ఎర్రగా తేలుతుంది. ఆస్పత్రిలో ఉన్న నాన్న కోసం మొదట చేసిందట. అక్కడ ఇస్త్రీపెట్టె ఎక్కడ దొరుకుతుంది? దానికి పేటెంటు అడిగితే, ఇవ్వొద్దని ఆ కంపెనీ అడ్డుపడింది. ఇప్పుడు ఆ ఉపాయం మీదే ప్రెస్సు నిలబడాలి.

కంపెనీ లాయరు నన్ను ఎత్తి విచారణాధికారిణికి చూపించాడు. "కనపడని రాత కార్డు పాతదే. తడి తగిలితే రంగులు తేలే పిల్లల పుస్తకాలూ పాతవే. రెండూ కలపడం ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే మేడమ్."

"చూశాక అందరికీ తట్టినట్టే ఉంటుందండీ," అంది షమీమ్. "ముందే తట్టుంటే వీళ్లే చేసి అమ్ముకునేవాళ్లు కదా."

సాక్షిగా పిలిపించిన మాస్టారిని విచారణాధికారిణి అడిగారు: "దీన్ని ప్రదర్శనలో పెట్టారా?"

"పెట్టానండీ."

"వేడి లేకుండా చదివించొచ్చని మీకెప్పుడైనా తోచిందా?"

మాస్టారు తల దించుకున్నారు. "లేదండీ. మా ఆవిడ వేలు కాల్చుకుంది, అయినా తోచలేదు."

ఆ మాట షమీమ్‌ని కొంత కాపాడింది. స్పాంజి అమరిక ఎవరికైనా తట్టేది కాదని, దానికి మాత్రం పేటెంటు ఇచ్చారు. కనపడని రాత కార్డు అన్న ఆలోచన మొత్తం తనదనడానికి వీల్లేదన్నారు, నేనున్నాను కనుక. పండగ నాటికి కంపెనీ, స్పాంజి బదులు రాతను తేల్చే ఇంకో పెన్ను పెట్టి తన కార్డులు బజారులోకి దింపింది. షమీమ్ ప్రెస్సులో పని లేక ఒక మిషను ఆగిపోయింది.

మాస్టారు నన్ను జేబులో పెట్టుకుని ఆ ప్రెస్సుకి వెళ్లారు. "నీ పొట్ట కొట్టానమ్మా."

"మీరు నిజమే చెప్పారు మాస్టారూ," అంది. ఫర్వాలేదని మాత్రం అనలేదు.

నన్ను అడిగి తీసుకుని, లోపల రాసింది చదివింది. "అంచులు రాలిపోతున్నాయి, ఇలా జేబులో తిప్పకండి," అంటూ తన కార్డులకు వేసే కవరు ఒకటి తీసి నన్ను అందులో పెట్టి ఇచ్చింది.

ఇప్పుడు మాస్టారి బీరువాలో, ఆ కవరులోనే ఉన్నాను. దాని మీద ఆమె ప్రెస్సు పేరు అచ్చయి ఉంది. నన్ను చదవాలంటే ముందు ఆ పేరు చదవాలి.