ఉప్పుకు కుదిరిన తొట్టి

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. ఏదో అడగబోయి మానుకున్న చుట్టంలా మబ్బేసుకుని కిటికీ బయట నిలబడింది. అసలు చుట్టం మాత్రం లోపలే ఉన్నాడు.

వాచీలు బాగుచేసే ఆయన ఇంటికి బావగారు, అంటే భార్యకు అన్న, వారం ఉంటానని పెట్టెతో దిగాడు. పెట్టెలోంచి ముందుగా తీసింది పాతగుడ్డల్లో చుట్టిన, మరుగుజ్జు చెట్లు పెంచే చిన్న జపాను తొట్టి. అరచేతిలో ఇమిడేంత. పైన నీలం మెరుపుపూత, అంచు దగ్గర పల్చబడి తేనెరంగులోకి దిగింది.

వాచీలాయన దాన్ని రెండు చేతుల్తో అందుకున్నాడు. కిటికీలో ఆయనకు జానెడు కూడా లేని దానిమ్మ చెట్టుంది. పెళ్ళైన ఏడాది నాటిన గింజ. కొమ్మలకు తీగ చుట్టి, వేళ్ళు కత్తిరించి, వాచీ చక్రాలు పట్టే పట్టకారుతోనే చీడ ఏరి పెంచాడు. ఇన్నేళ్ళకు మొదటి మొగ్గ వేసింది. ఎర్రపువ్వు కింద నీలం తొట్టి ఉండాలన్నది ఆయన కోరిక. ఆ సంగతి భార్యే అన్న చెవిన వేసింది.

తొట్టి తిరగేసి చూశాడు. అడుగున ఉండాల్సిన రెండు కన్నాలూ లేవు. వాటి చోట సిమెంటు, దాని మీద నీలం రంగు.

"కనిపెట్టావా బావా?" అన్నాడు బావగారు మురిసిపోతూ. "కొట్టువాడు చిల్లులది అంటగట్టాడు. మనం ఊరుకుంటామా? మేస్త్రీని పిలిచి పూడ్పించాను. లోపల పూత కూడా ఎగ్గొట్టారు, అది వేయించడానికి టైము చాల్లేదు."

వాచీలాయన బాగుందన్నాడు. పెళ్ళాం అన్నతో అంతకన్నా ఏమనగలడు? నీళ్ళు దిగే దారి లేకపోతే వేళ్ళు కుళ్ళుతాయి, మొగ్గ అంతకు ముందే రాలుతుంది. బావగారేమో చెట్టు తన కళ్ళముందే అందులోకి మారాలన్నాడు, ఉన్నన్నాళ్ళూ తన చేత్తోనే చెంబుడు నీళ్ళు పోస్తానన్నాడు. ఆయన స్నానానికి లేస్తే సిమెంటు తొలిచేద్దామంటే, పొద్దున్నే చేసొచ్చానని కూర్చున్నాడు.

వాచీలాయన మట్టి కలిపాడు. మళ్ళీ కలిపాడు. భోజనాల వేళ దాకా కలుపుతూనే ఉన్నాడు.

వంటింట్లోంచి భార్య వచ్చి మొగుడి మొహం చూసింది, తొట్టి అడుగు చూసింది.

"ఇంత మంచిదాన్లో మట్టి పోస్తారా ఎవరైనా? ఇది నాకిచ్చెయ్ అన్నయ్యా."

"చెట్టుకని తెచ్చానే."

"చెల్లెలికంటే చెట్టెక్కువైందా నీకు?"

బావగారు తొట్టి ఆమె చేతిలో పెట్టాడు.

కంచాలు వేసేసరికి తొట్టి మధ్యలో ఉంది, నిండా ఉప్పుతో. ఏనాడూ మరవని మనిషి ఆ పూట కూరలో ఉప్పు మరిచింది. బావగారు చిటికెడు తీసుకున్నప్పుడల్లా తొట్టి ఎత్తి, అడుగు తడిమి, ఒక్క రవ్వయినా కారలేదని తృప్తిగా దించాడు. దానిమ్మ పాత మట్టి మూకుట్లోనే ఉంది, మొగ్గతో. వాచీలాయన ఆ ఎరుపును చూసి, ఈ నీలాన్ని చూసి, తనూ ఉప్పందుకున్నాడు.