చెయ్యి తగిలిన తూకం

ప్రొద్దుటూరు బంగారంగళ్ల వీధిలో అందరికన్నా ముందు లేసేది చీపుర్లు. దుమ్ములో యాడన్నా బంగారు రవ్వ దొరుకుతాదని అంగళ్ల ముందర ఊడ్చుకోని పొయ్యేటోళ్లు ఉంటారు. వాళ్లు పోయినాక పార్థసారథి వచ్చి తన అంగడి షట్టర్ ఎత్తుతాడు, నీళ్లు చల్లుతాడు, ఊదొత్తి ముట్టిస్తాడు, ఎలక్ట్రానిక్ కాటా ఆన్ చేస్తాడు. కాటా పక్కన అద్దాల పెట్టెలో పాత ఇత్తడి త్రాసు ఉంటాది. దాన్ని మెత్తగుడ్డతో తుడిచి మొక్కుకుంటాడు.

బంగారం తూచేది కాటాలో. త్రాసులో తూచేది మనసులో ఉండేది.

అంతే, పెద్ద కథేం లేదు. కోరికను పిడికిట్లో పట్టుకోని, కండ్లు మూసుకోని, పళ్లెం మీద పిడికిలి ఇప్పాల. ఖాళీ పళ్లెమే కిందికి దిగుతాది. ఇంకో పళ్లెంలో తూకపు రాళ్లేసి బరువు చెప్తారు. చీనీ చెట్లు కొట్టేసి అరిటి పెట్టాల్నా వద్దా అని పులివెందుల నుంచి ఒకాయప్ప వస్తాడు. జమ్మలమడుగు నుంచి పెండ్లికొడుకు వస్తాడు, తూచుకుంటాడు, మొగం మాడ్చుకోని బస్సెక్కుతాడు. ఎవురికీ వింత గాదు. వింతేందంటే, ఇది ఫ్రీ. ప్రొద్దుటూర్లో బంగారంగడాయప్ప ఫ్రీగా ఒక పని చేస్తాండాడంటే అదీ వింత.

పార్థసారథి కూతురు సింధు. డిగ్రీ అయిపోయింది. క్యాట్ రాసింది, అదే, పెద్ద కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసేది. రాల్యా. రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో ఎవురికీ అన్నం దిగల్యా. మళ్లీ రాయాల్నా, వద్దా?

"త్రాసు పెట్టుకోని ఆలోచన ఎందుకు పాపా" అన్నాడు పార్థసారథి.

సింధు ఏడుస్తానే పిడికిలి ఇప్పింది. పళ్లెం దడాల్న దిగి పెట్టె అడుగు తాకింది.

"చూసినారా! నా బిడ్డకు ఎంత ఆశుందో!" అని వీధంతా మైసూరుపాకు పంచినాడు. పరీక్ష పోయినందుకు మైసూరుపాకు పంచిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

ఆ పొద్దు నుంచి సింధు కౌంటర్ ఎనకాల బుక్కు పెట్టుకోని కూచుంటాది. రైలు బ్రిడ్జి దాటేదానికి ఎంతసేపు పడతాది అని లెక్క మొదులుపెడతాది. అంతలోపల ఎవరో ఒకామె జుంకీలు అడుగుతాది. బుక్కు బోర్లా పడుకుంటాది, సింధు లేసిపోతాది.

"మీ మొగానికి అది కాదక్కా. ఈ చిన్నది పెట్టి చూడండి, మీ ఆయన మిమ్మల్ని గుర్తుపడితే నన్నడగండి."

ఆ అక్క నవ్వుకుంటా రెండు జతలు తీసుకోని పోతాది. పార్థసారథికి అది కనపడదు. బోర్లా పడుకున్న బుక్కే కనపడతాది. దాన్ని తీసి, పెన్సిల్ తీసి, రైలును ఆయనే బ్రిడ్జి దాటిస్తాడు. దాటించి, "ముందు తెలిసినవి రాయి పాపా. తెలీనివాటి కాడ కూచోవాకు" అంటాడు. రోజూ ఇదే పాట.

ఈ పొద్దు హైదరాబాద్ కోచింగోళ్లు ఫోన్ చేసినారు. సాయంత్రం లోపల చేరతారో లేదో చెప్పాలంట. మళ్లీ హాస్టలు, మళ్లీ ఒక సంవత్సరం. సింధు బుక్కును కౌంటర్ కిందికి నెట్టేసింది.

పక్క గుడ్డలంగడి రిహానా ఎర్రకారం దోశ పట్టుకోని వచ్చింది.

"వద్దంటే వద్దని చెప్పు. నోరు ల్యా నీకు?"

"త్రాసే చెప్పింది కదా మే. అంత ఆశ నాలోనే ఉందంట. నాకే తెలుస్తాండల్యా ఏమో."

"నీ ఆశ నీకు తెలీకుండా యాడ దాక్కుంటాది? ఉండు, ఆ రోజు నేను వీడియో తీసినా."

"ఎందుకు తీసినావే?"

"నువ్వు ఏడుస్తాంటే శానా కామెడీగా ఉంటావు. ఎప్పుడన్నా పనికొస్తాదని."

ఇద్దరూ దోశ తింటా చూసినారు. సింధు కండ్లు మూసుకున్యాది. ముక్కు కారతాంది. పిడికిలి ఇప్పుతాంది. రిహానా నమిలేది ఆపి, కారం ఏలుతోనే స్క్రీన్ పెద్దది చేసింది.

"మే. ఈ చెయ్యి ఎవురిది?"

పార్థసారథిది. సింధు మణికట్టు గట్టిగా పట్టుకోనున్నాడు. ఆయన ఎనకాల గోడకు బోర్డు గూడా కనపడతాంది, ఆయనే రాయించింది: తూకం ఏసేటప్పుడు ఎవురూ చెయ్యి పెట్టరాదు.

మధ్యాన్నం బేరాలు లేనప్పుడు సింధు రిహానాను తోడు పిల్చుకోని నాయనకు వీడియో చూపించింది. పార్థసారథి మొగం ఎర్రగయింది.

"బిడ్డ ఏడుస్తాంటే చెయ్యి పట్టుకున్నా. అదీ తప్పేనా?"

మూల కుర్చీలో పార్థసారథి వాళ్లమ్మ, సింధు జేజి కాత్యాయని, కూచోనుంది. "బేరానికి వచ్చినోళ్లు పళ్లెం మీద ఏలు పెడితే వీధి ఏకం చేస్తావు కదరా" అన్యాది. "ఫ్యాను ఆపు. పాపా, నువ్వు మళ్లా ఎయ్యి. ఒరే, నువ్వు చేతులు కట్టుకోని దూరం నిలబడు."

సింధు క్యాట్‌ను తలుచుకోని పిడికిలి ఇప్పింది. పళ్లెం కదలల్యా. ఈగ వాలింటే అన్నా కదిలుండేది.

నాయన మొగం చూసేదానికి సింధుకు ధైర్యం సాలల్యా. "కష్టపడలేక కాదు నాయనా..."

"తెలుసులే పాపా."

"ఇప్పుడు నువ్వు ఇప్పు" అన్యాది జేజి.

"నాకేముందిమా?"

"ఇప్పరా అంటాండా."

పార్థసారథి పెట్టె ముందర నిలబడినాడు. వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చిన ఏడు, ఇదే పరీక్ష హాల్ టికెట్ జోబీలో పెట్టుకోని ఈ అంగట్లో కూచున్నాడు. ఆ పొద్దు నుంచి లేయల్యా. పిడికిలి ఇప్పేదానికి చేతి ఏళ్లు రాల్యా. ఒక్కొక్క ఏలు ఇంకో చేత్తో తీసినాడు.

పళ్లెం దబీమని పడింది. పెట్టె అద్దాలు గలగలమన్నాయి. జేజి ఉండే రాళ్లన్నీ ఏసింది. లేయల్యా. చేతి గాజులు తీసి ఏసింది. అయినా లేయల్యా.

రిహానా ఫోన్లో ఏందో ఎతికింది.

"మామా" అన్యాది రిహానా. "క్యాట్‌కు వయసు లిమిట్ లేదు. నీకు డిగ్రీ ఉంది కదా?"

"పిచ్చా మే నీకు? గడ్డం నెరిసింది నాకు."

"గడ్డానికి నెగటివ్ మార్కులు లేవు మామా."

అప్పుడే కోచింగోళ్ల ఫోన్ మోగింది. పార్థసారథి చెయ్యి చాపేలోపల సింధు ఎత్తింది.

"చేరతాండామన్నా. హాస్టలొద్దు, ఆన్‌లైన్ బ్యాచ్ చాలు. పేరు రాసుకోండి, పార్థసారథి... కాదన్నా, అబ్బాయి కాదు. మా నాయన."

నవంబర్లో ఒక ఆదివారం, కడప పరీక్ష సెంటర్. గేటు కాడ సెక్యూరిటీ ఆయప్ప పార్థసారథికి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"పేరెంట్స్ ఆడ చెట్టు కింద నిలబడాల సార్."

"పేరెంట్ నేనన్నా" అన్యాది సింధు. "రాసేది ఆయన."

లోపలికి నగలు ఏవీ పెట్టుకోని పోగూడదు. బంగారంగడాయప్పకు అది పెద్ద పరీక్ష. గొలుసు తీసినాడు. నవరత్నాల ఉంగరం సబ్బునీళ్లు పెట్టి తీసినాడు. చెకింగ్ మిషన్ కుయ్యిమంటే పక్కకు తిరుక్కోని వెండి మొలతాడు గూడా తీసినాడు. కడాకు జోబీలో అంగడి తాళాలు మిగిలినాయి. వాటిని తీసి కొంచేపు పట్టుకోనున్నాడు.

"ఇయ్యి నాయనా. మధ్యాన్నానికి నేను పోయి తెరుస్తా."

తాళాలు సింధు అరచేతిలో పడినాయి. చెయ్యి దడాల్న కిందికి దిగింది. ఈసారి దాన్ని ఎవురూ పట్టుకోనుండల్యా.

"షట్టర్ ఎడమపక్క ఇరుక్కుంటాది, కాలితో..."

"తెలుసు."

"త్రాసు..."

"తుడుస్తాలే. టైమైతాంది, పో!"

ఉత్త మెడ, ఉత్త చేతులు, చేతిలో హాల్ టికెట్. ఇరవై ఏండ్ల పిల్లోళ్ల లైన్లో నాలుగడుగులు పోయి ఎనక్కి తిరిగి చూసినాడు.

"ముందు తెలిసినవి రాయి!" అని గేటు పట్టుకోని అరిచింది సింధు. "తెలీనివాటి కాడ కూచోవాకు!"