తలుపవతల మనిషి

మా మేడమ్ ఇంటికి నార్వే నుంచి అతిథిగా వచ్చిన బేరిత్ గొప్ప పాటగత్తె అన్నారు. పాటెక్కడ? పొద్దున్నే స్నానాలగదిలో దూరి గొంతు బిగబట్టి కీచుమనేది, నాలుక టకటకలాడించేది, ఊపిరి లోపలికి పీలుస్తూనే అరిచేది. ఒక్క మాట ఉండేది కాదు. ఆ చప్పుళ్ళన్నీ రికార్డు చేసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన మళ్ళీ తనే గొంతు కలిపేది. అదే ఆవిడ సంగీతమట. "గొంతులో చేపముల్లు దిగినట్టుందే" అని నాతో పనిచేసే పేరమ్మ, నేను వంటింట్లో కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం.

అయినా బేరిత్ అంటే మాకిష్టమే. దుబాయ్ జుమేరాలోని ఆ విల్లాకి వచ్చే అతిథుల్లో మాతోపాటు వంటింట్లో కూర్చుని, చారన్నం చేత్తో కలుపుకుని తిన్నది ఆవిడొక్కతే. అందుకే నాకింత మంట.

పేరమ్మది మా రాజోలు పక్క ఊరే. వదినా అని వరస కలిపి పిలుస్తాను. ఆ చలికాలంలో ఆవిడ చెల్లెలు శ్రీదుర్గ జ్వరమొచ్చి పోయింది. కబురు తెలియగానే ఊరికి పంపమని పేరమ్మ మేడమ్ కాళ్ళమీద పడింది. "ఇంటినిండా అతిథులున్నారు. బేరిత్ ప్రోగ్రామ్ అయ్యాక వెళ్దువుగాని" అంది మేడమ్. పేరమ్మ పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఇంకేం చేస్తుంది పేరమ్మ?

దహనం నాడు నన్ను కూరగాయలకని డ్రైవర్ అల్లాబకాష్‌తో కరామా బజారుకి పంపారు. తిరిగొచ్చేసరికి పేరమ్మ బట్టలుతికే గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఫోన్లో చెల్లెలి చితి చూసి, రాగం తీసి ఏడ్చిందట.

"ఒక్కదానివేనా వదినా? ఎవరూ పట్టుకోలేదా?" అన్నాను.

"ఎవరున్నారే ఇక్కడ మనకి!" అంది.

మా వైపు ఆడది శోకం పెడితే విన్నవాళ్ళు ఊరికే నిలబడరు. పగవాళ్ళైనా సరే వచ్చి, మెడ చుట్టూ చెయ్యేసి, గొంతు కలపాలి. పేరమ్మ మాత్రం ఒక్కతే ఏడ్చి, తన ఏడుపు తనే ఆపుకుని, ముక్కు చీదుకుని మళ్ళీ పనిలో పడింది. అలాంటిది నేనెక్కడా చూడలేదు.

వారం తిరిగాక ప్రోగ్రామ్. అల్ ఖూజ్‌లో ఒక పాత గోడౌన్‌ని హాలుగా మార్చారు. వచ్చినవాళ్ళకి కాఫీలివ్వడానికి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళారు. దీపాలు తగ్గించారు. బేరిత్ మైకు ముందు నిలబడి ఎప్పటిలాగే గురకలు, ఈలలు మొదలుపెట్టింది. ఇంతలో స్పీకర్లలోంచి ఒక గొంతు లేచింది.

"ఓ చెల్లో... నా తల్లో..."

కాఫీల ట్రేతోనే స్పీకర్ల వైపు తిరిగాను. అది పేరమ్మ గొంతు! ఆ బేరిత్ మహాతల్లి పేరమ్మ శోకాన్ని రికార్డు చేసి, ఇంతమందికి వినిపిస్తోంది. పైగా దానిమీద తను ఈలలు వేస్తోంది. జనమేమో కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. ఛీ!

అంతటితో అయినా ఊరుకుందా? ఒక ముక్క పట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పింది. "తలుపుకాడ ఎవరమ్మా... లోపలికి రామ్మా... లోపలికి రామ్మా... లోపలికి రామ్మా..."

పేరమ్మ గోడకి ఆనుకుని జారిపోతోంది. ట్రే నేలమీద పెట్టేసి పరుగెత్తాను. మెడ చుట్టూ చెయ్యేసి, "ఓ వదినో, నేనొచ్చాను వదినో" అని గొంతెత్తి ఏడ్చాను. అందరూ ఇటు తిరిగారు. ఒకాయన ఫోన్ తీసి మమ్మల్ని వీడియో తీశాడు. ఇదీ ప్రోగ్రామ్‌లో భాగమే అనుకున్నారు కాబోలు, చప్పట్లు కొట్టారు. చప్పట్లు!

"ఖలాస్! ఇక చాలు, బయటికి నడవండి" అని మేడమ్ మమ్మల్ని వెనక గదిలోకి తోసింది. పేరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రేపు కూడా ఇదే ఏస్తారంట విజయా. నా చెల్లి కోసం ఏడ్సిన ఏడుపు మళ్ళీ ఎవరికీ ఇనిపించకుండా సెయ్యవే" అంది.

కాసేపటికి బేరిత్ పరుగున వచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను.

"ఎవరినడిగి రికార్డు చేశావు?"

"అంత అందమైన గొంతు నేనెప్పుడూ వినలేదు. బట్టల గది ముందునుంచి వెళ్తుంటే వినిపించింది. ఆమెను కదిలించడం ఇష్టంలేక చప్పుడు చెయ్యకుండా తలుపవతలే నిలబడ్డాను" అంది. పెద్ద మర్యాద చేసినట్టు చెప్పింది.

"ఎంతసేపు?"

"చివరిదాకా."

ఒళ్ళు మండిపోయింది. "నువ్వు పదే పదే తిప్పావే, ఆ ముక్కకి అర్థం తెలుసా?"

"తెలియదు. ఆ స్వరం దిగే తీరు..."

"స్వరం కాదమ్మా, నిన్నే పిలిచింది! తలుపు కింద నీ నీడ కనబడి ఉంటుంది, అందుకే పిలిచింది. 'తలుపు దగ్గర ఎవరు, లోపలికి రా' అంది. తలుపుకి గడియ కూడా లేదు. నువ్వు మిషన్ పట్టుకుని నిలబడ్డావు!"

 బేరిత్ మొహం పాలిపోయింది. రికార్డర్ తీసి, కంప్యూటర్ తెరిచి, పేరమ్మ చూస్తుండగానే అంతా చెరిపేసింది. రేపు ఈ పాట ఉండదంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ చాచి పేరమ్మ వైపు అడుగేసింది. వాటేసుకోవాలని కాబోలు.

పేరమ్మ వంగి, బల్లమీదున్న కాఫీల ట్రే ఎత్తి ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"ఇప్పుడెందుకమ్మా" అని తెలుగులోనే అంది. తర్వాత నావైపు తిరిగింది. "కాఫీలు సల్లారిపోతన్నాయి. పదవే."