వెనక నడిచిన బడి గంట

నోట్లో టార్చి పెట్టుకుని, స్టాఫ్ రూములో బల్లకింద మోకాళ్ళమీద కూర్చుని, అతను ప్రింటరు తీగ ఎటు పోయిందో వెతుకుతున్నాడు. పైనుంచి లెక్కల టీచరుగారు ప్రింటరు చరిత్ర చెబుతున్నారు. నిన్న సాయంత్రం బాగానే ఉందట, పొద్దున వచ్చి చూస్తే ఉలుకూ పలుకూ లేదట, ప్రశ్నపత్రాలు ఇప్పటికిప్పుడు కావాలట. తీగ చివరికంటా పాకి చూస్తే ప్లగ్గు నేలమీద పడి ఉంది. దాని చోట టీచరుగారి ఫోను చార్జరు దర్జాగా కూర్చుని ఉంది.

అతను చార్జరును పక్క సాకెట్టులోకి మార్చి, ప్లగ్గు పెట్టి, ఊరికే రెండు తీగలు కదిపి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ప్రింటరు గుర్రుమంది.

"లూజు కనెక్షనండి," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ బడిలో ఎవరి తప్పూ వాళ్ళ మొహాన చెప్పి ఎరగడతను. అన్నీ లూజు కనెక్షన్లే. కీబోర్డు మీద టీ ఒలకబోసుకున్నవాళ్ళదీ అదే జబ్బు, పాస్‌వర్డు మరిచిపోయి కంప్యూటరును తిట్టేవాళ్ళదీ అదే జబ్బు. పిల్లలు అతన్ని రీస్టార్ట్ సార్ అంటారు. ఏ యంత్రం మొరాయించినా ముందు ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యమంటాడు, సగం రోగాలు దాంతోనే కుదురుతాయి.

ఈరోజు అతని ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ సంగతి టీచరుగారికి గుర్తు లేదు, అతను గుర్తు చెయ్యనూ లేదు. రేపటినుంచి బడిలో కంప్యూటర్లన్నీ ఒక కంపెనీ చూసుకుంటుంది. ఎక్కడో కూర్చుని చూసుకుంటుందట. మరి బల్లకింద ఎవరు దూరతారన్న ప్రశ్న మీటింగులో ఎవరికీ తట్టలేదు.

అతని గది మెట్లకింద, గేటు పక్కన. వెనకవైపుకు వెళ్ళేకొద్దీ కప్పు కిందికి దిగి తలకు తగులుతుంది. గోడ పొడుగునా చచ్చిన కీబోర్డులు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన స్క్రూల డబ్బాలు, ఒక చెయ్యి ఊడిపోయిన కుర్చీ. చిన్న కిటికీ గేటువైపు తెరుచుకుంటుంది. మూలన మోకాలెత్తు పెట్టె ఒకటి రాత్రింబవళ్ళు గుయ్యిమంటూ ఉంటుంది. అదే సర్వర్. బెల్లు మోగించేది, గోడగడియారాలు నడిపించేది, హాజరు వేసేది అన్నీ అదే.

కుర్రతనంలో రేడియోల రిపేరు నేర్చుకున్నాడు, రేడియోలు పోయాయి. టీవీలు నేర్చుకున్నాడు, పాడైన టీవీని బాగుచేయించుకునే మనుషులు పోయారు. చివరికి కంప్యూటర్లలోకి వచ్చి పడ్డాడు. నేర్చుకున్న ప్రతి పనీ అతనికంటే ముందే రిటైరైపోయింది. ఇంట్లో భార్య బట్టలు కుడుతుంది. అందరి యంత్రాలూ బాగుచేసే మనిషిని తన కుట్టుమిషను దరిదాపులకు రానివ్వదు. ఒకసారి దాన్ని విప్పి బిగించి, ఇంకా రెండు స్క్రూలు మిగిలాయని సంతోషంగా చూపించాడు మరి. వచ్చే వారంనుంచి బావమరిది సెల్‌ఫోన్ల కొట్లో కూర్చోవాలని ఆవిడే మాట్లాడి పెట్టింది. దానికీ సరేనన్నాడు. ఎవరేమన్నా సరేననడం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఆ బడిలో అతను సరేననలేకపోయిన విషయం ఒక్కటే ఉంది. చాలా ఏళ్ళ కిందటి మాట. బెల్లు మోగగానే గేటు వెయ్యాలన్నది రూలు. మిల్లువైపునుంచి వచ్చే బస్సేమో రోజూ రైల్వే గేటు దగ్గర ఇరుక్కుంటుంది, అంతకుముందు ఇంకో బస్సు లేదు. పిల్లలు దిగి పరుగెత్తుకొచ్చేసరికి గేటు పడిపోయేది. మొదటి పీరియడు అయ్యేదాకా బయటే పడిగాపులు. ఒకరోజు వానలో ఒక చిన్నపిల్ల గోడవారగా కూర్చుని, చేసేదేమీ లేక, మధ్యాహ్నం తినాల్సిన డబ్బా పొద్దున్నే విప్పుకుని తినేసింది. ఏడవలేదు. డబ్బా మూత గౌనుతో శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టుకుంది. కిటికీలోంచి అదంతా చూసిన మనిషికి ఆ మధ్యాహ్నం ముద్ద దిగలేదు.

ఆ వారమే, రోజుకు ఒక నిమిషం చొప్పున, సర్వర్ గడియారాన్ని నాలుగు నిమిషాలు వెనక్కి జరిపేశాడు. అప్పట్లో ఎవరూ గమనించలేదు. బడి మొత్తం లోకంకంటే వెనక నడవడం మొదలుపెట్టింది, మిల్లు పిల్లలు పరుగులు మానేశారు. సాయంత్రం బెల్లు కూడా వెనకబడి కొందరు టీచర్లకు బస్సు తప్పేది. వాళ్ళు ఫోను చూపించి నిలదీస్తే, "సర్వర్ టైమండి, అది అంతే" అనేవాడు. ఆ మాట వింటే ఎంత కోపంగా వచ్చినవాళ్ళైనా తలాడించి వెళ్ళిపోయేవారు.

ప్రింటరు పని చూసి గదికి వచ్చేసరికి కంపెనీ అమ్మాయి ఎదురుచూస్తోంది. మెడలో కార్డు, చేతిలో లాప్‌టాప్, మర్యాదైన మనిషి. అతను తాళాలు, తీగలు, పాస్‌వర్డులు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. ఆమె తెర చూస్తూ ఆగింది.

"ఇదేంటండీ, క్లాక్ నాలుగు నిమిషాలు వెనకుంది?"

"సర్వర్ టైమండి. అది అంతే."

"అలాంటిదేం ఉండదండీ," అంది నవ్వుతూనే. "రేపు పొద్దున మా సిస్టమ్‌కి కలపగానే సరైపోతుంది. మీరేం కంగారుపడకండి."

ఆ మాట పనిచెయ్యకపోవడం అదే మొదటిసారి. ఉద్యోగం పోతోందని చెప్పిన రోజున కూడా అతను ఇంత కంగారుపడలేదు. రేపు బడి ఉంది, మిల్లు బస్సూ ఉంది.

మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళ్ళాడు. పిలవకుండా అక్కడికి వెళ్ళడం అతనికి అలవాటు లేదు. ఆవిడ వీడ్కోలు చెప్పడానికి వచ్చాడనుకుని కూర్చోమన్నారు. అతను నిలబడే, రేపటినుంచి మిల్లు బస్సు వచ్చేదాకా గేటు కాస్త తెరిచి ఉంచమని అడిగాడు. అడిగి ఎరగని మనిషి కావడంతో మాటలు ముందువి వెనకా, వెనకవి ముందూ వచ్చాయి.

ఆవిడకు ఆశ్చర్యమేసింది. హాజరు తెరిచి చూపించారు. ఆ బస్సు పిల్లలకు ఏళ్ళ తరబడి ఒక్క ఆలస్యం లేదు. బడి మొత్తానికి పద్ధతైన పిల్లలు వాళ్ళేనని పోయిన ఏడు తనే మెచ్చుకున్నానన్నారు. లేని ఇబ్బందికి రూలెందుకు మార్చడం అన్నారు.

తను చేసిన పనే తన నోరు నొక్కేస్తోందని అతనికి అర్థమైంది. బల్లమీద అతని రిలీవింగ్ కాగితం ఉంది. ఇంకా సంతకం కాలేదు. అతను భయపడ్డాడు, భయపడుతూనే చెప్పాడు.

"వాళ్ళు టైముకి రావట్లేదు మేడమ్. గడియారం నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పింది నేనే."

ఆవిడ గోడగడియారంవైపు చూశారు, తన ఫోను చూసుకున్నారు.

"మా ఇంట్లో గడియారాలన్నీ బడి గంటను బట్టే పెట్టుకున్నానండీ," అన్నారు. "మా ఆయనకి రెండుసార్లు రైలు తప్పిపోయింది. మీ నడకే అంత అని ఆయన్నే తిట్టాను."

నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. ఆవిడ నవ్వలేదు. కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టి ఇచ్చారు. బెల్లు మోగాక గేటు తెరిచి ఉంచమని తను చెప్పలేనని, ఒక బస్సుకు చెబితే మిగతా బస్సులవాళ్ళూ వచ్చి కూర్చుంటారని అన్నారు. అతను చెప్పింది మాత్రం తను విననట్టేనన్నారు. తలుపుదాకా వెళ్ళినవాణ్ణి మళ్ళీ పిలిచి, మౌసు సరిగా కదలడం లేదు చూడమన్నారు. అతను తిరగేసి, అడుగున చిక్కుకున్న వెంట్రుక లాగేసి, లూజు కనెక్షనండి అన్నాడు.

సాయంత్రం స్టాఫ్ రూములో టీ ఇచ్చి నాలుగు మంచిమాటలు చెప్పారు. మైకు పనిచెయ్యకపోతే, తన వీడ్కోలు సభకు తనే బాగుచేసి పెట్టాడు. సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

వాచ్‌మన్ స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. వెనకటి రోజుల్లోనూ గేటు వేసేవాడు ఇతనే. వేసి, పిల్లల మొహాలు చూడలేక బడివైపు తిరిగి నిలబడేవాడు. అతను వాచ్‌మన్‌కు గడియారం సంగతి మొదటినుంచీ చెప్పాడు. తర్వాత తన చేతివాచీ విప్పి, మర తిప్పి ముళ్ళు నాలుగు నిమిషాలు వెనక్కి జరిపి, ముసలాయన అరచేతిలో పెట్టాడు.

"రేపట్నించి గంట విని కాదు అన్నా, దీన్ని చూసి వెయ్యి గేటు. నీ ఉద్యోగం మీదికి రావచ్చు. బలవంతం లేదు."

వాచ్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతికి పెట్టుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

"మరి మీకు టైమెలా తెలుస్తుంది సార్?"

"సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుంటున్నాను. అక్కడ టైముకేం కొదవ."

అతను రోడ్డు దాటి, రోజూ ఎక్కే బస్సే ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు బెల్లు లోకంతో సమానంగా మోగింది. పిల్లలు తరగతుల్లోకి సర్దుకున్నారు. వాచ్‌మన్ అలవాటు కొద్దీ లేచి గేటు గడియ మీద చెయ్యి వేశాడు. రోడ్డుమీద ఎవరూ లేరు. మేడమీది కిటికీలో ప్రిన్సిపాల్ మేడమ్ నిలబడి గేటువైపే చూస్తున్నారు. వాచ్‌మన్ ఆవిడను చూశాడు. చూసి, గడియ మీదినుంచి చెయ్యి తీసేసి, తన కాపలా గదివైపు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి బస్సు వచ్చి ఆగింది. పరుగెత్తాల్సిన రోజు వచ్చిందని మిల్లు పిల్లలకు తెలియదు. ఎప్పటిలాగే నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, తీరిగ్గా నడుచుకుంటూ లోపలికి వచ్చారు. వాచ్‌మన్ గది గోడకు, మేకుకు వేలాడుతున్న వాచీ తోలుపట్టీ ఇంకా దాన్ని ఇచ్చి వెళ్ళిన మనిషి మణికట్టు గుండ్రానికే వంగి ఉంది.