చెవిలో మాట

మెడలే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను చూసినవన్నీ మెడలేనని, పొద్దున భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే ఆమెకు తట్టింది. నగరపాలక సంస్థలో నిన్నటిదాకా ఆమెది న్యాయాధికారి కుర్చీ; అది కమిషనరు వెనక ఉంటుంది. సభలో చిక్కు ప్రశ్న వస్తే ముందుకు వంగి ఆయన చెవిలో చట్టం చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని అదే మాట సభకు చెబుతాడు. సభ్యులు బల్లలు చరుస్తారు. ఒక కమిషనరు మెడ మీద పుట్టుమచ్చ, ఇంకొకాయనకు పౌడరు చార. ముఖాలు మరిచిపోయింది గానీ మెడలు గుర్తే.

ఇంట్లో మాత్రం తేడా ఏముంది? చుట్టాలొస్తే వెనక నిలబడి, "మీ పెదనాన్నగారి రెండో అల్లుడు, మోకాలి ఆపరేషనైంది" అని గొణిగేది తను. "ఏం బావగారూ, మోకాలెలా ఉంది?" అని చేతులు చాచేది భర్త. "మావాడికి ఎంత జ్ఞాపకమో!" అని మురిసేది అత్తగారు.

ఆ అత్తగారే ఇవాళ, "కమిషనరమ్మవైనా పొయ్యి మీది పాలు నీకోసం ఆగవమ్మాయ్" అంది. భర్త ఆ వేడి చొక్కా తొడుక్కుంటూ, "మొదటి సభ. నువ్వెక్కువ మాట్లాడకు, పెద్దవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు.

ఇప్పుడు సభలో, కమిషనరుగా ముందు కుర్చీలో కూర్చున్న ఆమెకు ఎదురుగా మెడ లేదు. హాలుంది. ఇంత పెద్దదా ఇది! ఎత్తైన కిటికీల్లోంచి దిగిన వెలుగు వరసవరసగా ముఖాల మీద ఆగి ఉంది. తను గుసగుసగా వదిలిన మాటలు ఇన్నేళ్ళూ ఈ ముఖాల మీదికే వచ్చి వాలేవా? గూట్లోంచి పిట్టల్ని వదలడమే తెలుసు. వాటికి ఇంత ఆకాశం ఉందని ఎవరు చెప్పారు?

"మార్కెట్లో ఆడవాళ్ళ మరుగుదొడ్లు తీసేసి, ఆ చోట కార్లు ఆపుకోనివ్వడం" అని చదివాడు పక్కనున్న మేయరు. "అభ్యంతరాలేమీ లేవుగా?"

ఉంది. అక్కడ అమ్ముకునేవాళ్ళ మాట వినకుండా తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు ఆ నియమం. గబుక్కున వంగింది, మేయరు చెవి దగ్గరికి. అలవాటు. చెప్పేసింది.

మేయరు తలాడించాడు. "కమిషనరుగారు ఏదో చిన్న నిబంధన ఉందంటున్నారు. తర్వాత చూసుకుందాం. ఇక ఆమోదం..."

తన మాట నీరుగారిపోవడాన్ని ఆమె మొదటిసారి ఎదురుగా చూసింది.

సందర్శకుల వరసలోంచి, మార్కెట్లో కూరగాయలమ్మే ఒకావిడ లేచింది. "ఏమమ్మో కమిషనరమ్మా! ఆయన చెవిలో ఊదితే మాకేం తెలుస్తది? పొద్దంతా గుక్కెడు నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూచునేది ఆయనా, మేమా?"

సభ గొల్లున నవ్వింది. "కూర్చోవమ్మా, కూర్చో" అన్నారెవరో.

కూరగాయలావిడ కూర్చోలేదు. మేయరు వైపు చూడలేదు. ఈమెనే చూస్తోంది. తన మాట కోసం, అదీ తన నోటి నుంచే, ఒక మనిషి నిలబడి ఎదురుచూడటం! గుడి గంట కింద నిలబడ్డట్టు ఒళ్ళంతా ఝల్లుమంది.

బల్ల మీద మైకుంది. దాని బొత్తాం ఎక్కడుంటుందో వెనక కుర్చీలోంచి ఎన్నడూ కనబడలేదు. వేలితో తడుముకుంది. దొరికింది. నొక్కింది.

మాట కన్నా ముందు ఆమె ఊపిరి హాలంతా వినబడింది.